పీప్స్ గారి నల్ల కుక్కపిల్ల

మా ఇంటికి లడ్డూ వచ్చి ఆరు వారాలైంది. మా తమ్ముడు తెచ్చిచ్చాడు. మొదటి రోజు మావారు దాన్ని ఒళ్ళోంచి దించలేదు. అయిదో రోజు అర్ధరాత్రి మంచినీళ్ళకని లేచి, చీకట్లో నేరుగా మడుగులో కాలేశారు. "మీ తమ్ముడిని పిలిచి ఇచ్చెయ్. లేదంటే రేపట్నుంచి ఇది మేడ మీదే ఉంటుంది" అన్నారు. "మా తమ్ముడు" అన్నమాట నాకు సర్రున తగిలింది. నేనూ ఏదో అన్నాను. పాప నిద్రలేచి ఏడుపు. ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో కంచాల చప్పుడు తప్ప మాటల్లేవు.

ఆ రెండు రోజుల్లోనే నాకు సామ్యూల్ పీప్స్ గుర్తొచ్చాడు. లండన్‌లో నౌకాదళం లెక్కలు చూసిన పెద్ద ఉద్యోగి. 1660 జనవరి 1 నుంచి 1669 మే దాకా, తొమ్మిదేళ్ళకు పైగా, పొట్టి లిపిలో రోజూ డైరీ రాశాడు. లండన్ అగ్నిప్రమాదం గురించీ ప్లేగు గురించీ చెప్పేవాళ్ళందరూ ఆ డైరీనే తిరగేస్తారు. నాకు మాత్రం అందులో ఇల్లే కనిపిస్తుంది.

1660 ఫిబ్రవరి 8. పీప్స్ భార్య ఎలిజబెత్‌కి ఆమె తమ్ముడు అందమైన నల్ల కుక్కను తెచ్చిచ్చాడు. తనకు అది చాలా నచ్చిందని పీప్స్ రాసుకున్నాడు. సరిగ్గా నాలుగు రోజులకు, ఫిబ్రవరి 12న, ఇంట్లో పెద్ద గొడవ. ఇంకోసారి ఇల్లు పాడుచేస్తే మీ తమ్ముడిచ్చిన కుక్కను కిటికీలోంచి విసిరేస్తానన్నాడట. నాలుగు రోజులు! మావారు అయిదు ఆగారు, ఆ మాత్రం మెచ్చుకోవాలి.

అదే ఏడాది మే 25న రెండో చార్లెస్ రాజు ప్రవాసం ముగించుకుని డోవర్ తీరంలో దిగాడు. ఒడ్డుకు చేర్చిన పడవల్లో ఒకదాంట్లో పీప్స్ ఉన్నాడు. రాజుగారి ముద్దుల కుక్క కూడా అందులోనే ఉంది. అది పడవలోనే రెంటికి కూర్చుంది. అందరూ నవ్వారు. రాజైనా, రాజుకు సంబంధించినవేవైనా అందరిలాంటివే కదా అని పీప్స్‌కు అనిపించిందట. ఇంట్లో కిటికీ చూపించిన మనిషికి పడవలో తత్వం బోధపడింది. పరాయివాళ్ళ కుక్క అయితే మనందరం వేదాంతులమే.

ఆ వేదాంతం నవంబరు దాకా కూడా నిలవలేదు. నవంబరు 6 రాత్రి, ఇల్లు పాడుచేస్తున్న కుక్కను నేలమాళిగలో పెట్టాలని పట్టుబట్టాడు. భార్య వద్దంది. తన మాటే నెగ్గించుకున్నాడు. రాత్రంతా ఇద్దరూ అలిగే పడుకున్నారు. ఆ రాత్రే భార్య చనిపోయినట్టు పీడకల వచ్చి సరిగ్గా నిద్రపట్టలేదని కూడా రాసుకున్నాడు. ఆ ముక్క చదివినప్పుడు నాకు పుస్తకం మూసెయ్యాలనిపించింది. నాలుగు వందల ఏళ్ళనాటి పరాయి మగాడి మీద జాలి.

ఇంకొకటి చెప్పాలి. అదే నేలమాళిగలోకి అక్టోబరు 20న పీప్స్ దిగినప్పుడు కాలు పెద్ద పెంటకుప్పలో పడింది. పక్కింటి టర్నర్ గారి మరుగుదొడ్డి గుంత నిండి, ఇతని మాళిగలోకి పొంగి వచ్చింది. సరిగ్గా పదిహేడు రోజుల తర్వాత, శుభ్రత పేరు చెప్పి కుక్కను పంపింది అక్కడికే. పెద్ద ఉద్యోగస్తులుండే వీధిలో మనుషుల సంగతే అలా ఉంటే, నాలుగు కాళ్ళ పసిదాని దగ్గర ఏ మర్యాద ఆశించాడో మరి.

మన దగ్గర ఈ సమస్య ఈ రూపంలో ఉండేది కాదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో కుక్క వాకిట్లో ఉండేది, గడప దాటేది కాదు. దానికి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు, ఊరంతా దాని దొడ్డే. ఆ కుక్కనే తెచ్చి నాలుగో అంతస్తులో పెట్టి, లిఫ్టుకి వేలిముద్ర పెట్టుకుని, మొజాయిక్ గచ్చు మీద ఎందుకు పోశావని అడుగుతున్నాం.

అడగడమే కాదు, కొట్టాను కూడా. ఇది ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నానేమో. వచ్చిన మూడో రోజు పేపరు చుట్టి ఒక్కటేశాను. పొద్దున ఎప్పుడో పోసినదానికి, నేను చూసింది మధ్యాహ్నం. అది నా మొహంకేసి చూసింది. ఆ తర్వాత మా ఎదుట పోయడం మానేసి సోఫా వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టింది. పేపరు దెబ్బ నేర్పింది అదీ: పోయొద్దని కాదు, ఈవిడ చూస్తుండగా పోయొద్దని.

భారతం మొదట్లోనే ఇలాంటి దెబ్బ ఒకటుంది. నన్నయగారి ఆదిపర్వంలోనూ ఉంది. జనమేజయుడి యాగం దగ్గరికి ఒక కుక్కపిల్ల వస్తే రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోయింది. సంస్కృత కథలో సరమ ముందు కొడుకునే అడుగుతుంది, నువ్వేదో తప్పు చేసే ఉంటావని. హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు అంటాడు వాడు. అప్పుడు ఆ తల్లి నేరుగా యాగం దగ్గరికే వెళ్ళి, తప్పు లేనివాణ్ణి కొట్టారు కనుక మీకు ఊహించని ఆపద వస్తుందని శపించి వచ్చింది. అంత పెద్ద ఇతిహాసం ఒక కుక్కపిల్ల ఫిర్యాదుతో మొదలవుతుందని నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

పడమటి దేశాల్లో కుక్కల శిక్షణ మీద పుస్తకాలు వచ్చాక కూడా చాలాకాలం దెబ్బదే పైచేయి. జర్మనీలో పోలీసు కుక్కలకు నేర్పిన కాన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకంలో బలవంతానికి పెద్ద చోటే ఉంది. గాలి మారింది ఆ తర్వాతే. 1951లో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, జంతువులకు ఎలా నేర్పాలో మామూలు పాఠకులకు అర్థమయ్యేలా ఒక వ్యాసం రాశాడు. టిక్కుమనే పిల్లల బొమ్మ ఒకటి, తినడానికి ఏదో ఒకటి, సరైన పని చేసిన ఆ క్షణంలోనే ఇవ్వాలి. ఆలస్యమైతే బహుమానం వేరే పనికి చెందిపోతుంది. నా పేపరు దెబ్బ కూడా అలాగే సోఫాకి చెందిపోయింది.

నన్ను నిజంగా ఆదుకున్నది మాత్రం స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు. అమెరికాలో బార్ హార్బర్ అనే ఊరి ప్రయోగశాలలో అయిదు జాతుల కుక్కపిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 1965లో పుస్తకం తెచ్చారు. మూడు వారాల వయసు వచ్చేదాకా పిల్లలకు తల్లి నాకితే తప్ప ఒంటికి కూడా రాదు. ఆ తర్వాత తమంతట తామే పడక వదిలి దూరంగా వెళ్తాయి. ఎనిమిది తొమ్మిది వారాలకల్లా ఒక చోటును ఎంచుకోవడం మొదలవుతుంది. అంటే పడుకునే చోటు పాడుచెయ్యకూడదని వాటికి మనం నేర్పనక్కర్లేదు. మన ఇల్లంతా దాని పడకేనని తెలియజెయ్యడమే మన పని. లడ్డూ మా ఇంటికి వచ్చేసరికి తొమ్మిది వారాలది. హాలు, రెండు గదులు, వంటిల్లు కలిపి తన పడక అనుకోవడానికి దానికి ఏ ఆధారమూ లేదు.

అందుకని చోటు తగ్గించాం. వంటింటి పక్క వసారాకి అడ్డంగా పాత కుర్చీ పెట్టాం. నిద్ర లేవగానే, తిన్న పది నిమిషాలకు, ఆట ఆపగానే, మధ్యలో రెండు గంటలకోసారి కిందికి, అదే వేపచెట్టు దగ్గరికే. పనైన క్షణంలోనే, పైకి వచ్చాక కాదు, చెట్టు దగ్గరే ఉడికించిన చికెన్ ముక్క. ఫినాయిల్ మానేశాను. అది మన ముక్కును ఏమారుస్తుంది కానీ కుక్క ముక్కును కాదు. వాసన మిగిలిన చోటికే మళ్ళీ వస్తుంది. ఎంజైములున్న క్లీనరు తెప్పించి సోఫా వెనక నాలుగుసార్లు కడిగాను.

పీప్స్ సంగతి ఒక రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను. కిటికీ దగ్గర నవ్వారు, నేలమాళిగ దగ్గర నవ్వలేదు. కల గురించి చెప్పాక చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

ఆ రాత్రి మూడింటికి అలారం మోగింది. నేను పెట్టింది కాదు. వసారా కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత "పద పద, లిఫ్టులో మాత్రం వద్దు తల్లీ" అని గుసగుస. పావుగంటకు తిరిగొచ్చారు, తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని.

"లిఫ్టులోనే" అన్నారు. "తుడుపుగుడ్డ ఎక్కడుంది?"