కంప్యూటర్ ఆధారిత హెడ్‌ఫోన్ శ్రవణ వ్యవస్థ

కంప్యూటర్‌లోని సంగీతాన్ని డిజిటల్-అనలాగ్ కన్వర్టర్ (డాక్), యాంప్లిఫయర్‌ల మీదుగా హెడ్‌ఫోన్‌కు చేర్చే గృహ పరికరాల అమరిక. స్టీరియో హెడ్‌ఫోన్‌ను 1958లో అమెరికాకు చెందిన జాన్ కాస్ ప్రవేశపెట్టాడు. 2001లో వెలువడిన ఫ్లాక్ ఫార్మాట్, సీడీలోని 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ ధ్వనిని నష్టం లేకుండా కుదించి హార్డ్‌డిస్క్‌లో దాచే వీలు కల్పించింది. డాక్‌ను సాధారణంగా యూఎస్‌బీతో కలుపుతారు; కంప్యూటర్ లోపలి విద్యుత్ రొదకు అది దూరంగా ఉంటుంది. అయితే వినికిడిలో పెద్ద తేడా తెచ్చేది డాక్ కంటే హెడ్‌ఫోనే.

యాంప్లిఫయర్ అవసరాన్ని హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్, సెన్సిటివిటీ కలిసి నిర్ణయిస్తాయి. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు ఎక్కువ వోల్టేజీ కావాలి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లలో చాలావాటికి ల్యాప్‌టాప్ జాక్ సరిపోతుంది. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్నది వాడుక సూత్రం. మించితే డైనమిక్ హెడ్‌ఫోన్లలో ఫ్రీక్వెన్సీ స్పందన, ముఖ్యంగా బాస్, మారవచ్చు.