ఉరస్సున జనించే స్వరం

భాగ్యనగరపు పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్ అనే శ్మశానవాటిక ఉన్నది. 1591లో ఈ నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన మీర్ మోమిన్ పేరిటనే అది వెలసినది. పటియాలా ఘరానాకు చెందిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ సమాధి అక్కడనే ఉన్నది. 1902లో పంజాబులోని కసూరులో జన్మించిన ఆయన 1968లో హైదరాబాదు బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో దేహం చాలించినారు. ‘హరి ఓం తత్సత్’ భజనను ఆ కంఠాన విన్న భక్తులకు ఆయన పరిచయం అక్కరలేదు.

చివరి సంవత్సరాలలో పక్షవాతం ఆయన దేహాన్ని కుంగదీసినది. అయినా కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ తోడుగా సభలలో గానం మానలేదు. గానానికి కేవల దేహబలమే ఆధారమైతే ఇది పొసగేది కాదు.

మరి ఆధారమేది? పాణినీయ శిక్ష క్రమాన్ని విశదంగా చెప్పినది. చెప్పదలచిన మనస్సు కాయాగ్నిని తాకుతుంది. అగ్ని వాయువును ప్రేరేపిస్తుంది. ఆ వాయువు ఉరస్సులో సంచరిస్తూ మంద్రస్వరాన్ని పుట్టిస్తుంది. కంఠమూ శిరస్సూ తరువాతి స్థానాలు. ప్రాతఃసవనానికి ఉరస్సు, మాధ్యందినానికి కంఠం, తృతీయసవనానికి శిరస్సు అని నియమం కూడా ఉన్నది. తెల్లవారగానే మైకు ముందు గొంతు చించుకొని నమకం పఠించేవారు ఈ నియమాన్ని ఒక్కసారి స్మరిస్తే వారి కంఠానికీ మేలు, వినేవారికీ మేలు.

హిందుస్థానీ గాయకులు ఉషఃకాలంలో చేసే ‘ఖరజ్’ సాధన ఈ మార్గానికి అతి సమీపం. ఆ మాట షడ్జశబ్దం నుండి వచ్చినదే. నిండుగా శ్వాస పీల్చి, భుజాలు ఎత్తక, దవడ బిగించక, ఊపిరి తీరేవరకు మంద్రషడ్జంపై ఒకే తీరున నిలుస్తారు. మొదట స్వరం వణుకుతుంది. శ్వాసను బలవంతంగా తోయడం మానినప్పుడే అది నిలకడ పొందుతుంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నాదశబ్దాన్ని ప్రాణాగ్నుల సంయోగంగా నిర్వచించినాడు. వేదాధ్యాయికీ ఖయాల్ గాయకునికీ మూలధనం ఆ ప్రాణమే.

పఠనదోషాలలో భయాన్ని కూడా శిక్షాకారుడు చేర్చినాడు. భీతుని శ్వాస పైపైననే ఆడుతుంది, కంఠం ముడుచుకొంటుంది. ఆడపులి తన కూనలను నోట కరచి తీసుకొనిపోయే తీరును అక్కడ ఉపమానంగా ఇచ్చినారు: కోర దిగకూడదు, కూన జారకూడదు. సభకు ముందు గొంతు బిగుసుకొన్నవాడు సరిచేసుకోవలసినది ఆ పట్టునే.