గత్తర ఎక్కడ పుట్టింది?

తెలంగాణలో ఎవరైనా ఊరంతా చెప్పుకునే పని చేస్తే 'గత్తర లేపిండు' అంటారు. ఈ మాట రోజూ వాడేవాళ్లలో చాలామందికి గత్తర అంటే కలరా అని ఇప్పుడు గుర్తు లేదు. కోస్తా జిల్లాల్లో దీన్నే వాంతిభేది అన్నారు. పొద్దున పొలానికి వెళ్లిన మనిషి పొద్దుగూకేసరికి కళ్లు పీక్కుపోయి, గొంతు పెగలక, వేళ్ల చర్మం ముడతలు పడి ప్రాణం విడవడం చూసిన కాలం అది. ఆ జబ్బు ఎక్కడ పుట్టిందంటే వైద్య చరిత్రలు చెప్పే జవాబు ఒక్కటే: 1817లో, బెంగాల్‌లోని జెస్సోర్‌లో. ఈ జవాబు సగమే సరైనది. కలరా సూక్ష్మజీవి పుట్టుక వేరు, కలరా మహమ్మారి పుట్టుక వేరు. మొదటిది మనిషి ప్రమేయం లేకుండా నీటిలో జరిగింది. రెండోది మనిషి చేతుల మీదుగా జరిగింది. ఈ రెండింటినీ ఒకటిగా చూసినంత కాలం జబ్బు మూలం మన కంట పడదు.

కలరా తెచ్చే బ్యాక్టీరియా పేరు విబ్రియో కలరే. కామా గుర్తులా కాస్త వంగి ఉంటుంది, ఒక కొసన ఉన్న తోకతో చురుగ్గా ఈదుతుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఏటి మొగలు దీనికి పుట్టిల్లు. గంగా బ్రహ్మపుత్రలు సముద్రంలో కలిసే చోట, రొయ్యలకు దూరపు చుట్టాలైన కోపెపాడ్లనే బుల్లి జీవుల పెంకులను అంటిపెట్టుకుని, ఆ పెంకునే ఆహారం చేసుకుని బతుకుతుంది. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటిలో ఊళ్లకు ఊళ్లను పడగొట్టే శక్తి ఉన్నవి రెండే. ఆ శక్తి అవి వదిలే విషానిది, అది కూడా వాటికి పుట్టుకతో వచ్చింది కాదు. బ్యాక్టీరియాలకు సోకే ఒక వైరస్ తన వెంట తెచ్చి వాటి జన్యువుల్లో చొప్పించిన సొత్తు అది. మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1996లో ఈ సంగతి బయటపెట్టారు. అంటే కలరా విషం కలరా క్రిమి సొంతం కూడా కాదు, అరువు తెచ్చుకున్నది. నీటిలో తన మానాన తాను బతికే జీవికి మనిషి పేగు ఒక మజిలీ మాత్రమే.

ఆ విషం సంగతి తేల్చినవాడు మనవాడే, కానీ కథ అంతకు ముందే మొదలైంది. 1884లో కలకత్తాలో రాబర్ట్ కోచ్ ఈ క్రిమిని రోగుల పేగుల్లోనూ, వాళ్లు వాడిన చెరువు నీటిలోనూ చూసి కలరాకు కారణం ఇదేనని ప్రకటించాడు. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1854లో, ఇటలీలో ఫిలిప్పో పాచినీ సూక్ష్మదర్శినిలో దీన్ని చూసి రాసినా ఎవరూ పట్టించుకోలేదు. క్రిమి దొరికింది గానీ అది మనిషిని ఎలా చంపుతుందో చాలాకాలం తెలియలేదు. క్రిమి చచ్చి చితికినప్పుడు వెలువడే విషం రక్తంలో కలుస్తుందని చాలామంది నమ్మారు. కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగులో కొంత భాగాన్ని రెండు వైపులా దారంతో కట్టి, ఆ మధ్యలోకి కలరా క్రిముల ద్రవం ఎక్కించి చూశాడు. మర్నాటికి ఆ ముక్క నీటితో ఉబ్బి బుడగలా నిండింది. 1959లో ఇంకో అడుగు వేసి, క్రిములన్నీ తీసేసిన వడపోత ద్రవం ఎక్కించినా అదే జరుగుతుందని చూపాడు. బతికున్న క్రిమే బయటికి వదిలే విషం పేగు కణాల చేత ఉప్పును బయటికి తోడిస్తుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలు గంటకు లీటరు దాకా అయ్యేది అందుకే. పేగుకు గాయం కాదు, పుండు పడదు. ఒంట్లో నీరింకిపోయి మనిషి పోతాడు. ఇంత పెద్ద సంగతి కనిపెట్టిన డేకి బతికుండగా మన దేశంలో పెద్ద గౌరవమేదీ దక్కలేదు. ఇది మనకు సిగ్గుచేటు.

ఇక మహమ్మారి సంగతి. సుశ్రుతుడు విషూచిక అనే జబ్బు గురించి చెప్పాడు కాబట్టి కలరా వేల ఏళ్లుగా ఉందని కొందరు వాదిస్తారు. విషూచిక అంటే వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా సూదులతో గుచ్చినట్టుండే బాధ. అజీర్తి ముదిరినా, కుళ్లిన తిండి తిన్నా ఈ లక్షణాలే కనిపిస్తాయి. కాబట్టి పేరు ఒక్కటే సాక్ష్యం కాదు. డెల్టాలో ఈ జబ్బు పాతదే అయి ఉండవచ్చు. కానీ అలాంటి జబ్బు డెల్టా దాటడం అంత తేలిక కాదు. రోగి కొద్ది రోజుల్లో చనిపోతాడు, లేదా లేచి కూర్చుంటాడు. కాలినడకన, ఎడ్లబండి మీద పోయే లోకంలో అది పెద్ద దూరం పాకకముందే చల్లారిపోతుంది. 1817లో క్రిమి మారిందో లేదో గానీ, లోకం మాత్రం మారింది. ఆ ఆగస్టులో జెస్సోర్‌లో రేగిన జబ్బు, నవంబరు నాటికి బుందేల్‌ఖండ్‌లో విడిది చేసిన గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ సైన్యంలో పడింది. మరుసటి ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలోకి దిగింది. సైన్యాల దారుల్లో, వర్తకుల ఓడల్లో ఎక్కి గల్ఫ్ రేవులకు, ఆ తర్వాతి విడతలో రష్యాకు, 1832 నాటికి లండన్‌కు చేరింది. ఇంగ్లీషువాళ్లు దానికి ఏషియాటిక్ కలరా అని పేరు పెట్టారు. దాన్ని మోసిన ఓడలు ఎవరివో ఆ పేరులో కనిపించదు.

లండన్ అప్పటికే దానికి విస్తరి పరిచి ఉంచింది. ఇళ్ల మురుగంతా థేమ్స్‌లోకి, థేమ్స్ నీళ్లు మళ్లీ ఇళ్లలోకి. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు, కలరా నీళ్లలోంచే వస్తుందని చెప్పి, బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల పంపు పిడి తీయించిన కథ అందరూ చెబుతారు. అప్పటికే అక్కడ జబ్బు తగ్గుముఖం పట్టిందని ఒప్పుకున్నవాడు కూడా ఆయనే. ఆయన అసలు రుజువు దక్షిణ లండన్‌లో ఉంది. అక్కడ ఒకే వీధిలో రెండు కంపెనీల గొట్టాలుండేవి. మురుగు కలిసిన చోట నీళ్లు తోడిన సౌత్‌వార్క్ వాక్స్‌హాల్ కంపెనీ ఇళ్లలో ప్రతి పదివేల ఇళ్లకు 315 మంది చనిపోతే, నది పైభాగానికి మారిన లాంబెత్ కంపెనీ ఇళ్లలో 37 మంది. గాలి ఒకటే, వీధి ఒకటే, పేదరికం ఒకటే. తేడా నీళ్లలోనే. 1892లో జర్మనీలో ఇది ఇంకా ఘోరంగా రుజువైంది. ఎల్బే నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా పట్టణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. ఆల్టోనా దిగువన ఉంది, హాంబర్గ్ మురుగు కలిశాకే దానికి నీరందేది. అయినా ఆ నీటిని ఇసుక పొరల గుండా వడగట్టి ఇచ్చేది కాబట్టి జబ్బు దాన్ని పెద్దగా తాకలేదు. ఖర్చని వడపోతను వాయిదా వేసుకుంటూ వచ్చిన హాంబర్గ్‌లో ఎనిమిదిన్నర వేల మందికి పైగా చనిపోయారు.

నీళ్లలోని క్రిమే కారణమన్న మాటకు అప్పట్లోనే ఒక గట్టి అభ్యంతరం వచ్చింది. మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే పేరున్న ఆరోగ్య శాస్త్రవేత్త, క్రిమి ఒక్కటే కలరా తేలేదని నిరూపిస్తానంటూ 1892 అక్టోబరు 7న సోడా ఉప్పుతో కడుపులోని ఆమ్లాన్ని విరిచి, కలరా క్రిముల ద్రవం తాగేశాడు. కొద్దిపాటి విరేచనాలతో బయటపడ్డాడు. దీన్నిబట్టి కోచ్ చెప్పింది తప్పు అనలేం. సోకినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు తేలికగానే పోతుందని, కొందరినే అది కూల్చేస్తుందని మనకిప్పుడు తెలుసు. పైగా ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపులోని ఆమ్లాన్ని దాటాలంటే ఈ క్రిములు కోట్ల సంఖ్యలో కావాలి. అన్ని కోట్లు మళ్లీ మళ్లీ, ఒక ఊరికి ఊరి నోటికి అందాలంటే మురుగు కలిసిన నీళ్లకు మించిన దారి లేదు. పెటెన్‌కోఫర్ క్రిమి పాత్ర విషయంలో పొరబడ్డాడు. క్రిమి ఉన్నంత మాత్రాన మహమ్మారి రాదన్న ఆయన పట్టుదలలో మాత్రం నిజం ఉంది.

రెండో అభ్యంతరం ఈ కాలానిది. సూక్ష్మజీవి సహజంగా నీళ్లలోనే ఉంటే, వాతావరణం మారినప్పుడల్లా జబ్బు ఎక్కడైనా దానంతటదే లేస్తుంది కదా, మనుషులది తప్పెలా అవుతుంది అని. బెంగాల్ డెల్టా వరకు ఇందులో కొంత నిజముంది. కానీ ఆఫ్రికా, లాటిన్ అమెరికా రోగుల నుంచి తీసిన క్రిముల జన్యుపటాలను పోల్చిచూస్తే, ఇటీవలి మహమ్మారులు అక్కడి నీళ్లలో మొలిచినవి కావని, ఆసియా నుంచి మనుషులతో ప్రయాణించిన ఒకే వంశానివని తేలింది. 2010లో భూకంపం దెబ్బ తిన్న హైతీకి నేపాల్ నుంచి వచ్చిన శాంతిసేన శిబిరం మురుగు ఆర్తిబోనిత్ నది ఉపనదిలో కలిసింది. వందేళ్లుగా కలరా ఎరగని ఆ దేశంలో ఎనిమిది లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, పదివేల మంది దాకా చనిపోయారు. 1992లో మద్రాసులో ఓ139 అనే కొత్త రకం తలెత్తి, పాత కలరా నుంచి రక్షణ ఉన్న పెద్దవాళ్లను కూడా పడగొట్టింది. క్రిమి చొక్కా మార్చుకుంది, దారి మాత్రం మార్చుకోలేదు.

ఆ దారి ఎంత సన్ననిదో బంగ్లాదేశ్ ఆడవాళ్లు చూపించారు. శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం మత్లబ్ ప్రాంతంలోని 65 ఊళ్లలో ఒక పరిశీలన చేసింది. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి, బిందె మూతికి కట్టి, చెరువు నీళ్లు వడగట్టుకోమన్నారు. కొత్త చీర పనికిరాదు. ఉతికి ఉతికి నూలు పోగులు నూగులా విచ్చుకుని గుడ్డ కన్నాలు చిన్నవైతేనే కోపెపాడ్లు ఆగుతాయి, వాటిని అంటుకున్న క్రిములూ ఆగుతాయి. 2003లో ప్రచురించిన లెక్క ప్రకారం అలా వడగట్టిన ఊళ్లలో కలరా 48 శాతం తగ్గింది. క్రిమిని చంపకుండానే, నోటికి అందే దారిని సగం మూయడం వల్ల వచ్చిన ఫలితం అది.

క్రిమిని చంపకుండానే మనిషిని కాపాడవచ్చని వైద్యం కథ కూడా చెబుతుంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకులతో కిక్కిరిసిన బన్‌గావ్ ఆసుపత్రిలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనాబిస్ అనే వైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా ఉప్పు చొప్పున కలిపి డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. మూడోవంతు దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. విషం పేగును తోడేస్తున్నా, చక్కెరతో కలిసి ఉప్పు లోపలికి వెళ్లే దారి మూసుకుపోదు, దాని వెంటే నీరూ వెళుతుంది. ఆయన వాడుకున్నది ఆ దారినే.

మరి టీకా ఉంది కదా అంటారు. ఉంది, అందులో మన పాలూ ఉంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన నోటి టీకా షాంకాల్ కలకత్తా పరీక్షల్లో ఐదేళ్లపాటు 65 శాతం రక్షణ ఇచ్చింది. భారత్ బయోటెక్ 2024లో హిల్‌కాల్ తెచ్చింది. కానీ ప్రపంచ నిల్వలు చాలక 2022 అక్టోబరు నుంచి, జబ్బు రేగిన చోట ఇవ్వాల్సిన రెండు మోతాదులను ఒకటికి కుదించాల్సి వచ్చింది. టీకా మంటలు ఆర్పడానికే గానీ, నీటి గొట్టం పని అది చేయదు.

కాబట్టి వానాకాలంలో కుళాయి నీళ్ల రంగు మారినా, వాసన వచ్చినా వెంటనే మున్సిపాలిటీకో పంచాయతీకో రాసి ఇవ్వండి, బాగుచేసేదాకా వదలకండి. అంతవరకు నీళ్లు మరగబెట్టుకుని తాగండి. ఇంట్లో ఎవరికైనా నీళ్ల విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెతుక్కుంటూ కాలం పోగొట్టుకోవద్దు. లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అలాగే తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి.