గంట కొట్టే బొమ్మ, తాతగారి ట్రంకుపెట్టె

హైదరాబాదుకు చుట్టాలెవరు వచ్చినా మొదట చార్మినారు, ఆ తరువాత సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడం మా యింటి ఆనవాయితీ. అందువల్ల చిన్నతనంలో ఆ సంగీత గడియారం ముందు ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్కలేదు. గంట కావస్తుండగా జనం గుమిగూడేవారు. ఒక బుల్లి బొమ్మ తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోయేది. అది చూడడానికే పక్క గదుల్లోని వారందరూ పరుగున వచ్చేవారు.

ఆ సంపదను పోగుచేసిన వారిలో ముఖ్యుడు మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949). కొంతకాలం నిజాముకు దివానుగా పనిచేసి, మిగిలిన జీవితాన్నీ, ఆదాయంలో పెద్దభాగాన్నీ సేకరణకే వెచ్చించాడు. కొన్ని వస్తువులు ఆయన తాతగారి నాటివి. బెంజోని మలచిన మేలిముసుగు రెబెకాను మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్నాడు. మూడవ సాలార్‌జంగ్ అవివాహితుడుగా మరణించాక, 1951 డిసెంబరు 16న నెహ్రూ దివాన్ దేవిడీలో ఆ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనానికి మారింది.

ఆ మ్యూజియానికి ఎంతో దూరం లేని సుల్తాన్ బజారులో మరొక సేకరణ ఉంది. అక్కడికి చుట్టాలను ఎవరూ తీసుకువెళ్ళరు. నేనైనా నలభయ్యేళ్ళు దాటాకనే వెళ్ళాను. అది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి పూనుకున్నవారు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అయినా, కచేరీల్లోనూ చదువుల్లోనూ దానికి చోటు లేని కాలమది. 1921 నవంబరులో వివేకవర్ధని పాఠశాలలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానంలోనుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. కొమర్రాజు వారు 1923లో మరణించాక, ఆయన పేరిట లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలసి, పల్లెల్లోని శాసనాలను సేకరించి ప్రకటించింది.

ఆ తరువాత, తెలంగాణలో కవులు లేరని ఒకరు వ్రాసిన మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనతో జవాబు చెప్పి ఊరుకోలేదు. పేర్లనూ పద్యాలనూ పోగుచేశారు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. సాలార్‌జంగ్ సేకరణ ఆగిపోయి ఉంటే లోకంలోని ఆ అందమైన వస్తువులు మరొకరి మేడలో ఉండేవి. ఈ కవులను పోగుచేయకపోతే వారిలో చాలామంది ఎక్కడా మిగిలేవారు కారు.

ఈ మాట ఇంత నమ్మకంగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. మా తాతగారికి ఒక ట్రంకుపెట్టె ఉండేది. నిండా పాత పత్రికలు, గోలకొండ పత్రిక కట్టలు, ఆయన చేతివ్రాతతో కొన్ని పద్యాలు. ఆయన పోయాక ఇల్లు మారుతూ, చెదలు పట్టాయని నేనే పాతకాగితాల వాణ్ణి పిలిచి తూకం వేయించాను. పదకొండు కిలోలు వచ్చాయి. ఒక్క కాగితమైనా విప్పి చూడలేదు. భాషానిలయంలో ఒక పెద్దాయన శిథిలమైన పాత సంపుటాన్ని పేజీ చిరగకుండా అరచేత్తో తిప్పుతుంటే ఆ తరాజు గుర్తుకు వచ్చింది. ఆ పద్యాలు ఎలాంటివో, అసలు పద్యాలు అనిపించుకోదగినవో కాదో, ఇక తెలుసుకునే వీలు లేదు.

పురావస్తుశాలలు నవాబుల సంపదతో నిండుతాయి. భాషానిలయాలు మన ఇళ్ళలోని పెట్టెలతోనే నిండాలి. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు వంటి సంస్థలు ఈ ఊళ్ళో నేటికీ ఉన్నాయి. మీ యింట అటక మీద ఏదైనా పెట్టె ఉంటే, తరాజు తెప్పించే ముందు ఒక్కసారి మూత తీసి చూడండి.