చెడిన యంత్రము పలికిన స్వరము



తంబురా శ్రుతి చేయువాడు తీగను బిగించి యూరకుండడు. గుర్రముమీద తీగక్రింద నొక నూలుపోగు నుంచి, దానిని వెండ్రుకవాసి ముందునకును వెనుకకును జరుపును. తీగ ఝుమ్మని పలుకు తావు దొరకువఱకు విడువడు. నున్నగా మ్రోగు తీగకు కొంచెము ఒరపిడి కలిగించి, మన పెద్దలు దానికి జీవ యని పేరు పెట్టిరి. ఈ సంగతి మనసున నుంచుకొని, నేను చెప్పబోవు అమెరికా దేశపు చరిత్ర నాలకింపుడు.

ఆ దేశపు దక్షిణ రాష్ట్రముల పల్లెజనులు, బ్రిటిషు దీవులనుండి వలస వచ్చినవారి కథాగీతములను, ఆఫ్రికా సంతతివారి బాంజోవాద్యమును, ఫిడేలును, గిటారును కలిపి యొక సంగీతమును పెంచుకొనిరి. దానినే కంట్రీ సంగీత మందురు. 1925లో టెనెస్సీ రాష్ట్రమందలి నాష్‌విల్ పట్టణపు రేడియో కేంద్రము వారమున కొకరాత్రి ఈ పాటలను ప్రసారము చేయ నారంభించెను. 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' యను పేరు పొందిన యా కార్యక్రమమువలన నాష్‌విల్ ఈ సంగీతమునకు రాజధాని యయ్యెను.

గిటారు గొంతు సన్ననిది. పదిమంది వాద్యగాండ్ర నడుమ వినబడదు. 1930 తరువాతి దశాబ్దములో తీగలక్రింద అయస్కాంతమును, దానిచుట్టు రాగితీగ చుట్టను అమర్చి, కంపనమును విద్యుత్తుగా మార్చి, యాంప్లిఫయరుతో పెద్దది చేయు పద్ధతి వచ్చినది. ఆ మార్పుతో మఱియొక ద్వారము తెఱచుకొనెను. నాద మొకసారి విద్యుత్ప్రవాహ మైనపిదప దానిని ఆలస్యము చేయవచ్చును, వణకింపవచ్చును, విఱువవచ్చును. ఈ పనిని మొదట చేసినవారు గొప్ప కర్మాగారములవారు కారు. చేతిలో టంకపుకడ్డీ గల చిన్నవారు.

వారిలో రే బట్స్ ఒకడు. ఇలినాయి రాష్ట్రమున కైరో యను చిన్న యూరిలో సంగీతవాద్యముల యంగడి నడపెను. ఆ కాలమున లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు తన ధ్వనిముద్రణలలో టేపు సాయముతో ప్రతిధ్వని కల్పించి జనుల నాశ్చర్యపఱచుచుండెను. అది ముద్రణశాలలోని విద్య. వేదికమీదికి తెచ్చుట యెట్లు? బట్స్ 1950 దాటిన తొలియేండ్లలో, యాంప్లిఫయరు పెట్టెలోనే టేపుచుట్టను తిరుగునట్లు అమర్చెను. ఒకచోట ధ్వని టేపుపై ముద్రిత మగును. టేపు కొంచెము సాగి వేఱొకచోటికి రాగానే అదే ధ్వని మరల పలుకును. కొండయెదుట నిలిచి కేకవేసిన మాఱుకేక వచ్చునట్లు ఆ యెడమే ప్రతిధ్వని. దీనికి 'ఎకోసానిక్' అని పేరు. నాష్‌విల్ గిటారు విద్వాంసులలో శ్రేష్ఠుడైన చెట్ అట్కిన్స్ దీనిని కొనెను. ఎల్విస్ ప్రెస్లీకి తోడుగా వాయించు స్కాటీ మూర్ 1955లో కొనెను. బట్స్ కట్టిన పెట్టెలు నూటికి లోపే.

రెండవ కథ ఇంకను వింతయైనది. 1960లో నాష్‌విల్‌లోని ఓవెన్ బ్రాడ్లీ ముద్రణశాలలో మార్టీ రాబిన్స్ అను గాయకుడు 'డోంట్ వర్రీ' యను పాట పాడుచుండెను. గ్రేడీ మార్టిన్ మంద్రస్థాయి గిటారు వాయించుచుండగా, ధ్వనులను కలుపు యంత్రములోని యొక ట్రాన్స్‌ఫార్మరు చెడి, గిటారుస్వరము తుమ్మెదల గుంపువలె బొంగురుగా వచ్చినది. ఆ ముద్రణను పాఱవేయక యట్లే యుంచిరి. 1961లో ఆ పాట కంట్రీ పాటల పట్టికలో పదివారములు మొదటిస్థానమున నిలిచెను.

పిదప ఇతరులును ఆ ధ్వని కావలెనని వచ్చిరి. అప్పటికి చెడిన భాగము పూర్తిగా మూగవోయెను. ఆనాడు ముద్రణ జరపిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఊరకుండక, ఆ చెడు ఎట్టిదో పరిశీలించి, రేవిస్ హాబ్స్ అను రేడియో ఇంజనీరుతో కలసి, మూడు ట్రాన్సిస్టరులతో దానిని మరల పుట్టించెను. 1962లో గిబ్సన్ సంస్థ దానిని కాలితో నొక్కు పెట్టెగా చేసి, 'మేస్ట్రో ఫజ్‌టోన్' అను పేర నమ్మెను. చాలకాలము కొనువారు లేకపోయిరి. 1965లో ఇంగ్లండు దేశపు రోలింగ్ స్టోన్స్ బృందము 'సాటిస్ఫాక్షన్' పాటలో దానిని వాడగా, అంగళ్లలోని పెట్టెలన్నియు చెల్లిపోయెను.

ఆ పెట్టె లోపల జరుగునది మీకు క్రొత్త కాదు. ధాన్యము కొలుచునప్పుడు కుంచముపై నిలిచిన రాశిని కఱ్ఱతో త్రోసి తల కొట్టుదురు గదా! ట్రాన్సిస్టరు తనకు పట్టినంతవఱకే తరంగమును మోయును. మించిన శిఖరమును కొట్టివేయును. నున్నని తరంగము అంచులు తెగినదై, మూలస్వరముతోబాటు లేని పై స్వరములు పెక్కు పుట్టును. అదియే ఆ ఝుంకారము.

ఈ చరిత్ర చదివి నేనును అట్టి పెట్టె నొకదానిని ఇంట కట్టితిని. ఝుంకారము, వణకు, ప్రతిధ్వని, ఈ మూడింటిని ఒక స్టీలు డబ్బాలో నిమిడ్చి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించితిని. టేపుచుట్టకు బదులు నేడు గోరంత చిప్పు చాలును. లోహపు డబ్బా యేల యందురా? అది భూసంధానముతో కవచమై, ఇంటి కరెంటు రొదను లోపలికి రానీయదు.

మొదటిసారి పలికించినప్పుడు రెండు దోషములు కనబడెను. ఒకటి, ప్రతిధ్వనిని ముందు, ఝుంకారమును వెనుక నుంచితిని. మాఱుకేకలన్నియు కలసి నలిగి, ఏ స్వరమును తెలియరాలేదు. వరుస మార్చితిని, ఒక్కొక్క స్వరము విడివిడిగా వినబడెను. రెండవది, నడుమ నడుమ చిటపటలు. అదియు నొక నూతననాద మేమోయని క్షణకాలము సంతసించితిని. కాని అది నేను కోరినప్పుడు రాదు, వలదన్నప్పుడు మానదు. వెదకగా నొకచోట టంకము సరిగా అంటలేదు. మరల కాచి యంటించితిని, చిటపట పోయినది.

స్నాడీ చేసిన పనిలోని ఘనత నాకప్పుడు తెలిసినది. లోపము తనంతట వచ్చినప్పుడు లోపమే. తలచినప్పుడు తెప్పింపను, మాన్పను చేతనైననే విద్య. నాష్‌విల్ యంత్రము చెడుట దైవికము. దాని మరమ్మతుతో పని ముగిసిన దనుకొనియుండినచో, ఆ స్వర మొక్క పాటతో సమసిపోయెడిది. ఎందుకు చెడినదని యడిగినవా డొకడుండుటచేత నిలిచినది.

స్నాడీ 2018లో మరణించెను. పాట పాడినవారి పేర్లు లోకమెఱుగును. పెట్టె కట్టినవారి పేర్లను తలచువా రరుదు. మన తంబురాకు తొలిసారి నూలుపోగు పెట్టినవాని పేరును మన మెఱుగము. మీ యూరి గుడిలో భజన జరుగువేళ తంబురా మీటగానే తీగ ఝుమ్మనునప్పుడు, ఆ పేరులేని వానికి మనసులో నొక నమస్కారము చేయుడు.