అడవి కంది (కజానస్ కజానిఫోలియస్)

తూర్పు కనుమల్లో పెరిగే పొద; చిక్కుడు కుటుంబానికి చెందినది. ఒడిశా కొండలు, బస్తర్‌లోని బైలదిల్లా శ్రేణి, ఆంధ్ర మన్యంలో కొంత భాగం దీని ఉనికిపట్లు. సాగు కందికి పూర్వీకురాలు ఇదేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అడవి కంది అని మరికొన్ని మొక్కలనూ పిలుస్తారు.

మూడేసి ఆకులు, పసుపు పూలతో చూడగానే కందిమొక్కే అనిపిస్తుంది. తేడా కాయ ముదిరాక తెలుస్తుంది: కాయ పగిలి ముదురురంగు గింజలు రాలిపోతాయి, గింజ కంటి దగ్గర చిన్న బుడిపె ఉంటుంది. ఈ బుడిపెను చూసే 1920 ప్రాంతంలో వృక్షశాస్త్రజ్ఞుడు హైన్స్ దీన్ని అటైలోసియా ప్రజాతిలో చేర్చాడు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన వాన్ డెర్ మేసెన్ 1980లలో ఆ ప్రజాతి మొత్తాన్నీ కజానస్‌లో కలిపేశాడు. ఇప్పుడు చెల్లుబాటయ్యేది అదే.

కంది పుట్టిల్లు ఆఫ్రికా అనే వైపు వృక్షశాస్త్రజ్ఞుడు డి కాండోల్ మొగ్గాడు, మరో వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవ్ భారతదేశమన్నాడు. ఇంత దగ్గరి చుట్టం ఈ కొండల్లోనే ఉండగా రెండో వాదమే బలంగా కనిపిస్తుంది.

నీరు నిలవని వాలు, పలచని అడవి అంచు, ఎండ తగిలే గడ్డినేల దీనికి అనువు. కందిలాగే పొద్దు తగ్గే రోజుల్లో పూతకొస్తుంది. ఉన్న తావులు కొద్ది, అవీ చెదురుమదురు, ముప్పంతా అక్కడే. బైలదిల్లాలో 1968 నుంచి ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. మరికొన్నిచోట్ల పోడు, పశువుల మేత కూడా కారణాలు కావచ్చు.

రైతుకు దీనివల్ల ఒరిగిందేమిటంటే హైబ్రిడ్ కంది. అడవి కందిని తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పుప్పొడి పనిచేయని వరుసను సాధించారు; ఏ4 కణద్రవ్యంగా పేరుపడిన ఆ ఫలితం 2005లో ప్రచురితమైంది. దాని ఆధారంగా వచ్చిన హైబ్రిడ్ ఐసీపీహెచ్ 2671 మధ్యప్రదేశ్‌లో 2010లో విడుదలైంది. తెలంగాణకు 2015లో వచ్చిన ఐసీపీహెచ్ 2740 పేరు మన్నెంకొండ కంది. పేరులోని కొండ సంగతేమో గాని, కణద్రవ్యం మాత్రం నిజంగా కొండమొక్కదే.

ఇక్రిశాట్ జన్యుబ్యాంకు కందితోపాటు దాని అడవి బంధువుల విత్తనాలనూ భద్రపరుస్తోంది: వాడుకకు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద, దీర్ఘకాలానికి మైనస్ 20 వద్ద. పొట్టు గట్టిది కావడంతో అడవి రకాల గింజలకు గాటు పెడితేగాని సరిగా మొలకెత్తవు. తేనెటీగలు మోసుకొచ్చే పుప్పొడితో కంది జాతి ఇట్టే సంకరమవుతుంది కాబట్టి, విత్తనం తాజా చేసేటప్పుడు మొక్కలను వల కింద పెంచుతారు.