రంగం రేవుకు దారితీసిన కోరంగి

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, మడ అడవులు చూడటానికి జనం ఆగే కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు. తూర్పు తీరంలో తిరిగే పెద్ద ఓడలు మరమ్మతుకు ఇక్కడికే వచ్చేవి. ఇంజరంలో ఇంగ్లిష్ వాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు మకాం వేశారు. ఒక్కరోజు ప్రయాణంలో మూడు దేశాల జెండాలు కనిపించేవి.

1789 డిసెంబరులో మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి కోరంగి మీద పడ్డాయి. ఇరవై వేలమంది పోయారని అంచనా. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. అందులో మూడు లక్షలమంది చనిపోయారని ఎక్కడ చూసినా రాస్తారు గానీ, ఆనాటి జనాభాను తలచుకుంటే ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. ఊరు మాత్రం తిరిగి లేవలేదు. గోదావరి ఒండ్రు పాయ నోటిని పూడ్చేస్తుంటే వ్యాపారం కాకినాడకు తరలిపోయింది.

కాకినాడకు అన్నీ కలిసొచ్చాయి. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలలకు అడ్డుగా నిలిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీదుగా పడవల్లో సరుకు నేరుగా రేవుకు చేరేది. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు దూది కరవైతే, ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగింది.

అయితే ఈ తీరం ఎగుమతుల్లో ఎక్కువగా చెప్పుకోవలసింది మనుషుల గురించి. బర్మాలో తెలుగువాడెవడైనా, శ్రీకాకుళం వాడైనా సరే, కోరంగీయే. కూలీలను సమకూర్చే మేస్త్రీ బయానా ఇచ్చి, టికెట్ కొని, ఓడ డెక్కు మీద కూర్చోబెట్టి రంగం (రంగూన్) తీసుకెళ్ళేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలిలో కోత పడేది. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, ఊరు శుభ్రం చేయడం, అన్నీ వీళ్ళవే. ఓడల యజమానుల పేర్లు గెజిటీర్లలో దొరుకుతాయి. వీళ్ళ పేర్లు దొరకవు. ఆ లోటు నన్ను బాధపెడుతుంది.

1930 మేలో కూలి పెంచమని రంగం రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరి పాతవాళ్ళను వెనక్కి పిలవగానే, పని పోయిన బర్మీయులకూ వీళ్ళకూ కొట్లాట మొదలైంది. అది నగరమంతా పాకింది. ఎందరో కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండువైపులా ఉన్నది పొట్టకూటికి వచ్చినవాళ్ళే అని తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడ దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడక పట్టారు. లక్షలమంది నడిచారు. ఆకలికి, కలరాకు, మలేరియాకు దారిలోనే రాలిపోయినవాళ్ళెందరో. బర్మాలో మిగిలినవాళ్ళలో చాలామందిని 1960లలో అక్కడి నె విన్ సైనిక సర్కారు దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసి ఇంటికి పంపించింది. విశాఖలోని బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళదే.

కోరంగి పక్కనే తాళ్ళరేవులో ఇప్పటికీ వడ్రంగులు కర్ర పడవలు కడుతున్నారు. నీరు చొరకుండా పలకల సందుల్లో దూది దట్టంగా దిగ్గొడతారు. ఇటు కాకినాడలో ఆఫ్రికా దేశాలకు వెళ్ళే బియ్యం బస్తాలను హమాలీలు బార్జిల్లోకి ఎక్కిస్తే, సముద్రంలో లంగరేసిన ఓడల దగ్గరికి అవి వెళ్తున్నాయి.